గాలికి లైవ్, నీళ్లకు స్క్రోలింగ్

అల్పపీడనం అన్న మాట వాతావరణ శాఖ బులెటిన్‌లో కనబడితే చాలు, మన చానళ్లలో తుపాను మొదలైపోతుంది. గిరగిరా తిరిగే సుడి గ్రాఫిక్, సైరన్ మోత, ‘దూసుకొస్తోంది’, ‘విరుచుకుపడబోతోంది’. యూట్యూబ్‌లో అయితే ‘బెజవాడ మునిగిపోతుందా?’ అంటూ ఎర్ర బాణాల థంబ్‌నెయిల్. జనాన్ని ఊరికే టెన్షన్ పెడుతున్నారని అందరూ తిట్టుకుంటూనే ఉన్నారు. నాకు అంతకంటే పెద్ద అభ్యంతరం ఒకటుంది. నిజంగా భయపెట్టాల్సిన సమయంలో వీళ్లు భయపెట్టరు.

2024 ఆగస్టు 31నే తీసుకోండి. ఆ అర్ధరాత్రి కళింగపట్నం దగ్గర తీరం దాటింది తుపాను కూడా కాదు, వాయుగుండం. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటేనే దాన్ని తుపానుగా లెక్కగడతారు, పేరూ అప్పుడే పెడతారు. దీనికి ఆ యోగం పట్టలేదు. పేరు లేని వాయుగుండానికి లోగో ఎవరు చేస్తారు, స్పెషల్ షో ఎవరు పెడతారు? పైగా అది తీరం దాటిన చోటుకీ విజయవాడకీ మధ్య 400 కిలోమీటర్లకు పైగా దూరం. తీరా చూస్తే విజయవాడలోని సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం, కండ్రిక నీళ్లలో ఉన్నాయి. మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. బుడమేరు వాగు నీటిని కృష్ణా నదిలోకి మళ్లించే డైవర్షన్ చానల్ (మళ్లింపు కాలువ) కట్టకు మూడు చోట్ల గండ్లు పడితే పూడ్చడానికి ఆర్మీ దిగాల్సి వచ్చింది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి పోయాయి. ఆ బ్యారేజీ కట్టాక అంత వరద ఎన్నడూ లేదు.

మరుసటి ఏడాది అక్టోబరులో మొంథా వచ్చింది. దానికి పేరుంది, తీవ్ర తుపాను హోదా ఉంది, కౌంట్‌డౌన్ ఉంది. 28వ తేదీ రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటేదాకా కెమెరాలు ఉప్పాడను, అంతర్వేదిని వదిలితే ఒట్టు. మర్నాడు మునిగింది ఎక్కడ? వరంగల్, హనుమకొండ. డోర్నకల్ స్టేషన్‌లో పట్టాల మీద నీళ్లు పారి రైళ్లు ఆగిపోయాయి. సముద్రం మొహం చూడని ఊళ్లవి!

తీరం దాటాక తుపాను గాలి తగ్గిపోతుంది, మోసుకొచ్చిన తేమ మాత్రం లోపలి జిల్లాల మీద కురుస్తుంది. సముద్రానికి 60 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న విజయవాడకు ఉప్పెన భయం లేదు. మనల్ని ముంచేది మైలవరం వైపు కొండల్లో కురిసి బుడమేరులోకి దిగే వాన. అక్కడ కుండపోత మొదలయ్యాక సింగ్‌నగర్‌కు నీళ్లు రావడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ కొన్ని గంటల్లో ముసలివాళ్లను మేడ ఎక్కించొచ్చు, బండిని ఫ్లైఓవర్ మీద పెట్టుకోవచ్చు, రెండు రోజులకు సరిపడా పాలూ మంచినీళ్లూ తెచ్చుకోవచ్చు. ఆ గంటల్లో టీవీ పెడితే మాత్రం ఎక్కడో కెరటాలు ఎగసిపడుతుంటాయి.

దీనికి కారణం టైమ్ లెక్కలోనే ఉంది. తుపాను సమయంలో వాతావరణ శాఖ బులెటిన్ ఇచ్చేది సాధారణంగా మూడు గంటలకోసారి. చానల్ మాత్రం ఆ 180 నిమిషాలూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండాలి. కొత్త సమాచారం లేనప్పుడు మిగిలేది గొంతు పెంచడమే. అందుకే రెయిన్‌కోటు తొడుక్కున్న రిపోర్టర్ మోకాలి లోతు సముద్రంలో నిలబడి ‘పరిస్థితి భయానకంగా ఉంది’ అంటుంటాడు. వెనక ఇద్దరు కుర్రాళ్లు సెల్ఫీ దిగుతుంటారు. ఓడరేవుల్లో ఓడల కోసం ఎగరేసే పదో నంబరు ప్రమాద హెచ్చరికను ఊళ్లో ఉన్న మనందరికీ చావు కబురులా చదువుతారు. కొన్ని జిల్లాలకే ఇచ్చిన రెడ్ అలర్ట్‌ను రాష్ట్రమంతా పూసేస్తారు.

గుంటూరు, తెనాలి వైపు రైతు సంగతి మరీ అన్యాయం. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం బాపట్ల దగ్గర తీరం దాటేనాటికి వరి కోతల కాలం. వాన ఏ రాత్రికి వస్తుంది, ఎన్ని సెంటీమీటర్లు పడొచ్చు, ఈ పూట కోత ఆపాలా, కోసినవి కుప్ప వేయాలా? రైతుకు కావాల్సింది ఇదీ. తడిసిన పనల మీద 5 శాతం ఉప్పు ద్రావణం చల్లితే గింజ మొలకెత్తకుండా కాపాడుకోవచ్చని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెబుతారు. లీటరు నీళ్లకు 50 గ్రాముల ఉప్పు. చెప్పడానికి పది సెకన్లు చాలు. అది స్క్రోలింగ్‌లో పరుగెత్తిపోతుంది, పైన సుడి గ్రాఫిక్ తిరుగుతూనే ఉంటుంది.

అతి చేసినా అప్రమత్తం చేస్తున్నారు కదా అనే వాళ్లున్నారు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ఊడ్చేసిన సంగతి తెలిసినవాళ్లు ఆ మాట అంటే కాదనడం కష్టమే. అయితే ఈ రోజు తీరంలో ప్రాణనష్టం తగ్గిందంటే రాడార్ల వల్ల, ముందే జనాన్ని పునరావాస కేంద్రాలకు తరలిస్తున్న సిబ్బంది వల్ల. యాంకర్ అరుపులకు అందులో వాటా ఏ పాటిది? ఏడాదికి నాలుగుసార్లు ‘విలయం’ అని విన్న చెవులకు ఐదోసారి అది వాషింగ్ పౌడర్ ప్రకటనలాగే ఉంటుంది.

అసలు జబ్బు ఇంకా లోపల ఉంది. బుడమేరు నగరాన్ని ముంచడం 2024లో కొత్త కాదు, 2005లోనూ ముంచింది. మధ్యలో పందొమ్మిదేళ్లు. ఆక్రమణలు పెరిగాయి, కాలువ సన్నబడింది, డైవర్షన్ చానల్ విస్తరణ నత్తనడక నడిచింది. ఇది ఎన్నిసార్లు పతాక శీర్షిక అయింది? వరద తగ్గకముందే బ్యారేజీ గేట్లను ఢీకొన్న పడవలు దొరికాయి. అవి ఏ పార్టీవి, వాటికి వేసిన రంగేంటని రోజుల తరబడి స్టూడియోల్లో పంచాయితీ. బుడమేరు మళ్లీ ఇరిగేషన్ శాఖ ఫైళ్లలోకి వెళ్లిపోయింది.

కాలువల గురించి రాయాలంటే కాలువ గట్ల మీద తిరిగే మనిషి ఉండాలి. ఇరిగేషన్ వార్తలు చూడటానికే ఒక విలేకరిని పెట్టుకునే రోజులు దాదాపు పోయాయి. మండలాల్లో మిగిలింది స్ట్రింగర్లు, అంటే పార్ట్‌టైం విలేకరులు. చాలామందికి జీతం ఉండదు, లోగో ఉన్న మైకు, ఐడీ కార్డు, పండక్కి ఇన్ని ప్రకటనలు తేవాలన్న టార్గెట్ ఉంటాయి. బుడమేరు మీద గేట్లున్న వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో, ఏ కట్ట బలహీనంగా ఉందో జి.కొండూరులో ఉండే స్ట్రింగర్‌కు తెలిసినంతగా హైదరాబాద్ స్టూడియోలో ఎవరికీ తెలియదు. వాన పడుతున్న రాత్రి ఆయనకు డెస్క్ నుంచి ఫోన్ రాదు. మర్నాడు వస్తుంది, మంత్రిగారి పడవ పర్యటన విజువల్స్ పంపమని.