రిపోర్టులన్నీ నార్మల్, మీకేమీ లేదు

బోరబండలో క్లినిక్కు పెట్టి పదకొండేళ్ళయింది. సాయంత్రం ఆరు నుంచి పది దాకా అరవై మంది వరకు వస్తారు. వాళ్ళలో రోజుకు ఒక్కరైనా ఈ మాట అనకుండా ఉండరు: "అన్ని పరీక్షలూ చేయించామమ్మా, ఏమీ లేదన్నారు." మనిషికి నిద్ర లేదు, తిండి సయించడం లేదు, పనికి పోలేకపోతున్నాడు, అయినా ఏమీ లేదు! ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇది తోటి డాక్టర్ల కోసమూ, రోగుల ఇంట్లోవాళ్ళ కోసమూ రాస్తున్నాను. మనుషుల ఆనవాళ్ళు తెలియకుండా వివరాలు మార్చాను.

నలభై అయిదేళ్ళ ఆవిడ. అమీర్‌పేటలో అమ్మాయిల హాస్టల్లో వంట చేస్తారు. చేతిలో బట్టల దుకాణం క్యారీబ్యాగు, దాని నిండా ఫైళ్ళు. మూడు ఈసీజీలు, ఒక ఎండోస్కోపీ, ఒక టూడీ ఎకో, థైరాయిడ్, షుగర్. లెక్క వేస్తే ఆవిడ రెండు నెలల జీతం. గుండె దడ, అరికాళ్ళ మంటలు, నడినెత్తి మీద రోలు పెట్టినట్టు బరువు. ఒకరు గ్యాస్ అన్నారు. ఒకరు నరాల బలహీనత అని చెప్పి పది బీకాంప్లెక్సు ఇంజెక్షన్లు వేశారు. ఇంకొకరు నిద్రమాత్ర రాశారు.

నిద్ర ఎలా ఉందని అడిగాను. పడుకోగానే పడుతుందట, మూడింటికి మెలకువ వస్తుందట, ఇక కన్ను మూతపడదట. తెల్లవారుజామున అలా మెలకువ రావడం డిప్రెషన్‌ను పట్టించే గుర్తుల్లో ఒకటి. ఈ రెండు వారాల్లో ఏ పని మీదైనా ఇష్టం తగ్గిందా అన్నాను. క్యారీబ్యాగు చెవిని వేలికి చుట్టుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "కూర రుచి చూడటం మానేశానమ్మా. ఉప్పు చాలడం లేదని పిల్లలు అంటున్నారు. చెయ్యి గరిటె దాకా పోతుంది, నోటి దాకా రాదు."

చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా అడిగాను. ఇది అడగడానికి డాక్టర్లే జంకుతారు, లేని ఆలోచన పుట్టిస్తామేమోనని. అడిగినందువల్ల అది పుట్టదు. ఆవిడ తల అడ్డంగా ఊపి, "పోతే బాగుండును అనిపిస్తుంది. పోవాలని లేదు" అన్నారు. ఆ రెండింటికీ ఎంత తేడా ఉందో, ఆ తేడా తెలియకుండా ఆవిడను ఇంటికి పంపడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఇష్టం తగ్గిందా, దిగులుగా ఉందా అన్న రెండు ప్రశ్నలను పీహెచ్‌క్యూ-2 అంటారు. రక్తం తీయనక్కరలేదు, నిమిషం పట్టదు. మూడు ఈసీజీలు తీసిన చోట ఈ నిమిషం ఎందుకు దొరకలేదు?

"నాకు డిప్రెషన్" అంటూ బోరబండలో ఎవరూ రారు. మన భాషలో దుఃఖం ఒంట్లోనే ఉంటుంది. గుండె చెరువైంది అంటాం, కడుపు తరుక్కుపోయింది అంటాం. మన రోగులు దడ, మంట, బరువు, తిమ్మిరి అని చెబితే అది అబద్ధమూ కాదు, నాటకమూ కాదు. వాళ్ళు తెలుగులోనే చెబుతున్నారు, మనకే వినడం నేర్పలేదు. మేం చదివిన రోజుల్లో ఎంబీబీఎస్‌లో సైకియాట్రీ పోస్టింగు రెండు వారాలు. ప్రత్యేకంగా పేపరు లేదు కాబట్టి ఆ రెండు వారాలు కూడా సగం మంది లైబ్రరీలో గడిపేవాళ్ళం. 2015–16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, చికిత్స అందనివాళ్ళు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారని తేలింది. వాళ్ళలో చాలామంది మన ముందు కుర్చీలో కూర్చుని వెళ్ళినవాళ్ళేనని నా నమ్మకం.

ఇక నా తప్పు చెబుతాను. యాభై ఎనిమిదేళ్ళ దర్జీ, కుడి భుజం పట్టేసిందని వచ్చారు. షుగర్ ఉన్నవాళ్ళకు భుజం పట్టేయడం మామూలే కాబట్టి నొప్పి మాత్రలు, ఫిజియోథెరపీ రాశాను. కొన్నాళ్ళకు నాన్న నవ్వడం లేదు, మాట తగ్గిపోయింది, షాపు తెరవడం లేదని కూతురు చెప్పింది. రెండు ప్రశ్నలు అడిగాను, డిప్రెషన్ అనుకున్నాను, మందు మొదలుపెట్టాను. అలా ఎనిమిది నెలలు గడిచాయి. ఒకరోజు ఆ అమ్మాయి మాటల మధ్యలో, సంతకం కలవడం లేదని బ్యాంకులో విత్‌డ్రాయల్ ఫారం వెనక్కి ఇచ్చారని అంది. నా ప్యాడ్ మీద ఆయన చేత సంతకం చేయించాను. మొదటి అక్షరం మామూలుగానే ఉంది, చివరికి వచ్చేసరికి ఆవగింజంత అయింది. గుమ్మం దాకా నడిచి రమ్మన్నాను. ఎడమ చెయ్యి ఊగుతోంది. కుడి చెయ్యి ప్యాంటు కుట్టుకు కలిపి టాకా వేసినట్టు కదలకుండా ఉండిపోయింది.

అది పార్కిన్సన్స్, ఒంటి కదలికలను నెమ్మదింపజేసే మెదడు జబ్బు. చెయ్యి వణకలేదు కాబట్టి నాకు తట్టలేదు. వణుకు లేకుండానే, ఒక పక్క భుజం బిగుసుకోవడంతో మొదలుకావచ్చు. ముఖంలో కదలిక తగ్గితే చూసేవాళ్ళకు దిగులుగా కనిపిస్తుంది. పైగా ఆ జబ్బులో నిజమైన డిప్రెషన్ కూడా రావచ్చు. అప్పుడు అడిగితే ఆయన భార్య చెప్పారు, నాలుగైదేళ్ళుగా నిద్రలో అరుస్తూ కాళ్ళతో తన్నుతున్నారని, పోపు మాడినా వాసన తెలియడం లేదని, మలబద్ధకం అంతకుముందు నుంచే ఉందని. ఈ మూడూ వణుకు కంటే ఏళ్ళ ముందే రాగలవు. ఇన్నిసార్లు ఆయన నా గదిలోకి నడిచి వచ్చారు, ఒక్కసారి కూడా నేను తలెత్తి ఆ నడక చూడలేదు. ఆయన కూతురికి క్షమాపణ చెప్పాను. ఇప్పుడు ప్రతి రోగినీ తలుపు నుంచి కుర్చీ దాకా చూస్తాను, అప్పటిదాకా పెన్ను పట్టుకోను.

ముసలివాళ్ళ విషయంలో మన నిర్లక్ష్యం మరీ దారుణం. మరుపు అంటే "వయసు కదా" అనేస్తాం. 648 మంది డిమెన్షియా (మరుపు జబ్బు) రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో ఆ జబ్బు సగటున 4.5 ఏళ్ళు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రపంచానికి చెప్పింది మన పంజాగుట్ట నిమ్స్‌లో జరిగిన అధ్యయనమే. అదే ఊళ్ళో షుగరుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్న అమ్మమ్మకు మరుపు వస్తే, ఆ మందు వల్ల బీ12 విటమిన్ తగ్గిందేమో చూడాలని ఎవరికీ తోచదు. రెండు రోజుల్లో ఉన్నట్టుండి తికమకపడుతూ మాట్లాడితే అది మరుపు జబ్బు కాకపోవచ్చు, మూత్రంలో ఇన్‌ఫెక్షనో, సోడియం తగ్గడమో అయి ఉండవచ్చు. వెంటనే చూడాలి.

హైదరాబాదులో పనిచేసే డాక్టర్లకు ఇంకొకటి చెప్పాలి. ముప్పై ఏళ్ళు దాటాక మొదటిసారి మూర్ఛ వచ్చిన కూలీని "మందు తాగుతావా" అని అడిగితే లేదంటాడు. నిజమే చెబుతాడు, కల్లును ఇక్కడ ఎవరూ మందు లెక్కలో వేయరు. "కల్లు తాగుతావా, ఎప్పుడు మానేశావు" అని విడిగా అడగాలి. కల్తీ కల్లులో కలిపేది అల్ప్రాజోలం, డయాజెపాం లాంటి మత్తుమందులు. వాటికి అలవాటుపడ్డ ఒంటికి ఒక్కసారిగా అందకపోతే మూర్ఛలు వస్తాయి, లేనివి కనబడతాయి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు తెలంగాణ జిల్లాల్లో చాలామంది వింత ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. మా వీధి చివర కల్లు కాంపౌండు నాలుగు రోజులు మూతపడితే ఒక మేస్త్రీ గోడ మీద చీమలు పాకుతున్నాయని అరుస్తూ వచ్చాడు. దయ్యం పట్టిందని ఇంట్లోవాళ్ళు అప్పటికే నిమ్మకాయలు తిప్పి తెచ్చారు. వాళ్ళనేమీ అనను. పెద్దాసుపత్రికి పంపాను. మళ్ళీ నా దగ్గరకు రాలేదు.

వంట చేసే ఆవిడకు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి చీటీ రాశాను. మా క్లినిక్కు నుంచి ఎంతో దూరం లేదు. ఆమె భర్త చీటీ చదివి మడిచి, "అమ్మాయికి సంబంధాలు చూస్తున్నామమ్మా. ఈ కాగితం మీద ఆ పేరు లేకుండా రాయండి" అన్నారు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఎవరినైనా తిట్టాలంటే "ఎర్రగడ్డకు పంపాలి" అని నవ్వుతూ అనే ఊరు మనది. దశాబ్దాలుగా పేదవాళ్ళకు ఉచితంగా వైద్యం చేస్తున్న ఆసుపత్రి పేరును మనమే తిట్టుగా మార్చాం. ఆ నవ్వుకు ఇవాళ ఇలాంటి ఇళ్ళవాళ్ళు మూల్యం కడుతున్నారు. దయచేసి ఆ మాట వాడకండి, పిల్లల చేత వాడనివ్వకండి. ఆసుపత్రి గడప తొక్కడానికి భయపడేవాళ్ళు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.

ఆవిడకు నేనే మందు మొదలుపెట్టాను. రెండు నుంచి నాలుగు వారాల దాకా గుణం కనబడదని, మధ్యలో మానేయవద్దని భర్తకు కూడా చెప్పాను. అయిదో వారం వచ్చి, "నిన్న పప్పుచారులో పులుపు తగ్గిందమ్మా, మళ్ళీ చింతపండు పిసికాను" అన్నారు.

పోయిన వారం మళ్ళీ వచ్చారు. సంబంధం కుదిరింది, శ్రావణంలో ముహూర్తం. పెళ్ళివారు ఇంట్లో తిరుగుతుంటారని మాత్రలు తీసి భర్త బీపీ మందుల డబ్బాలో పెట్టారట, ఎవరైనా అడిగితే బీపీకని చెబుతున్నారట. రెండూ కలిసిపోకుండా స్ట్రిప్పుల్లోనే ఉంచమన్నాను. పెళ్ళి హడావిడిలో కూడా ఒక్క పూట తప్పకూడదని చెప్పి, ఇంకో రెండు నెలలకు రాసిచ్చాను.