మహారాజశ్రీ ఎయిర్ కూలర్ గారికి

నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం పద్ధతి. కానీ మన ఉభయుల్లో కుశలంగా ఉన్నది తమరొక్కరే. తమరు కంప్యూటర్ మెదడైన ప్రాసెసర్ నెత్తికెక్కి, దాని వేడి లాగేస్తూ హాయిగా తిరుగుతున్నారు. ఇక్కడ నా చూపుడు వేలికి ప్లాస్టరు, బొటనవేలి మీద బొబ్బ, నడుం పట్టేసి మూడు రోజులు. ఈ ఉత్తరం తొమ్మిది వేళ్లతో టైపు చేస్తున్నాను. అక్షరదోషాలుంటే తమరి ఖాతాలో రాసుకోండి.

అసలు చిక్కు తమరి పేరుతోనే మొదలైంది. "కూలర్ తెప్పించాను" అనగానే ఇంట్లో అందరూ సంబరపడ్డారు. పెట్టె విప్పి చూపిస్తే మా పిన్ని తమర్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో నీళ్లు ఎక్కడ పోస్తార్రా?" అంది. నేను పడీపడీ నవ్వాను. ఇది కంప్యూటర్‌లో పెట్టేది పిన్నీ, నీటి చుక్క తగిలితే అంతే సంగతులు అని చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ నవ్వుకి నాకు తర్వాత గడ్డి పడింది. ఆ సంగతికి వస్తాను.

ముందు తమరి తమ్ముడి ముచ్చట. ప్రాసెసర్ పెట్టెలోనే ఊరికే వస్తాడే, ఆ గుండ్రటి పొట్టివాడు. నాకు మీ వంశంతో పరిచయం వాడి వల్లే.

కంప్యూటర్ భాగాలు చేతపట్టే వాడికి ఎవరైనా మొదట నేర్పే పాఠం ఒకటే: సుతారం. ప్రాసెసర్‌ని అంచులు పట్టుకుని ఎత్తాలి. అడుగుభాగం ముట్టుకోకూడదు. అది కూర్చునే సాకెట్‌లో వెంట్రుకల్లాంటి 1200 పిన్నులుంటాయి, ఒక్కటి వంగినా భాగాలన్నీ బిగించే మదర్‌బోర్డు మీద ఆశ వదులుకోవాల్సిందే. ఒంట్లో ఉన్న స్టాటిక్ కరెంటు పోవడానికి ముందుగా ఇనుము ముట్టుకోవాలి. ప్రాసెసర్ దానంతటది కూర్చోవాలి తప్ప నొక్కకూడదు. నిద్రపోతున్న పసిబిడ్డని ఉయ్యాల్లో వేసినట్టు, ఊపిరి బిగబట్టి మరీ వేశాను. ఇంత జరిగాక తమరి తమ్ముడు వచ్చి ఏమన్నాడు? "నా నాలుగు కాళ్లూ బోర్డు రంధ్రాల్లో టక్కుమనేదాకా నొక్కు" అన్నాడు.

ఎంత గట్టిగా? అది మాత్రం చెప్పడు. వాడితో వచ్చిన కాగితంలో ఒక బొటనవేలి బొమ్మ, ఒక బాణం గుర్తు. ఆ వేలు వెనకున్న మనిషి ముఖం కూడా వేసుంటే బాగుండేది. పళ్లు కొరుకుతున్నాడా, చిరునవ్వుతో ఉన్నాడా, ఏడుస్తున్నాడా అన్నది చూసి మనం ఒక అంచనాకి వచ్చేవాళ్లం. నేను నొక్కితే బోర్డు విల్లులా వంగింది. ఆపితే కాలు దిగలేదు. ఒక మూల టక్కుమంటే సంతోషించేలోపు ఎదురుమూల కాలు పైకి లేచింది. పైగా ఆ కాళ్ల తలల మీద ఒక బాణం ఉంటుంది. చూసిన ప్రతివాడూ అది బిగించే దిక్కనుకుని తిప్పుతాడు. అది విప్పే దిక్కు! తలుపు మీద గొళ్లెం తీసే విధానం మాత్రమే రాసి, వేసే విధానం మీరే ఊహించుకోండి అన్నట్టు.

ఎలాగో కూర్చున్నాడు. రెండేళ్లు కొలువు చేశాడు. కొలువంటే గోల అని అర్థం. పెట్టె మీద 65 వాట్లు అని రాసిన ప్రాసెసరే, పని ఎక్కువైతే కాసేపు అంతకు రెండు మూడు రెట్లు కరెంటు లాగుతుంది. ఆ కరెంటు పుట్టించే వేడంతా వేలిగోరంత సిలికాన్ ముక్కలోంచి రావాలి. వీడొక చారెడు అల్యూమినియం. వీడియో ఎడిటింగ్ మొదలుపెడితే వంద డిగ్రీలు చూపించేది. అప్పుడు ప్రాసెసర్ కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకునేది. అంటే నేను కొన్న వేగంలో సగం వీడి చేతకానితనానికి ధారపోశానన్నమాట. ఫ్యాన్ మాత్రం విమానం లేస్తున్నట్టు అరిచేది. పని తక్కువ చేసేవాడికి చప్పుడు ఎక్కువ అన్నది లోహాలకి కూడా వర్తిస్తుందని అప్పుడే తెలిసింది.

అందుకే తమర్ని పిలిపించాను. ముప్పావు కిలో బరువు, నాలుగు రాగి గొట్టాలు, మేడలా పేర్చిన రేకులు. పెట్టె విప్పగానే నాలుగు ప్లాస్టిక్ సంచుల నిండా స్క్రూలు. ఒక ఇంజను దింపుతున్నానేమో అనిపించింది.

ఇన్ని ఎందుకంటే దానికో చరిత్ర ఉంది. 2004లో వచ్చిన ఇంటెల్ కంపెనీ ఎల్‌జీఏ 775 సాకెట్ చుట్టూ కూలర్ రంధ్రాల మధ్య దూరం 72 మిల్లీమీటర్లు. 2009లో వచ్చిన ఎల్‌జీఏ 1156కి అది 75 అయింది. 2021లో ఎల్‌జీఏ 1700 వచ్చేసరికి 78. పదిహేడేళ్లలో ఆరు మిల్లీమీటర్ల ప్రగతి! ఈ మూడింటికీ సరిపోయేలా తమరి చట్రానికి పొడుగాటి చీలికలు, వాటికి గుర్తులు. 78 గుర్తుకి పెట్టి సగం బిగించాక నాది 75 అని తెలిసింది. అంతా విప్పి మొదటికొచ్చాను.

తమ్ముణ్ని ఊడదీయడం తేలిగ్గానే అయింది. ముందు కంప్యూటర్‌ని పదినిమిషాలు నడిపి, ప్రాసెసర్‌కీ వాడికీ మధ్య పూసిన పేస్టు మెత్తబడ్డాక ఆపేసి, ప్లగ్గు పీకి, కాస్త అటూ ఇటూ తిప్పుతూ లేపితే వచ్చేశాడు. ఏఎండీ కంపెనీ ఏఎం4 సాకెట్ వాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. అక్కడ పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, 1331. చల్లగా ఉండగా గట్టిగా లాగితే, పేస్టు పట్టుకి ప్రాసెసర్ కూడా పంటిలా ఊడి వస్తుంది. ఒక మిత్రుడికి అలాగే వచ్చింది. వంగిన పిన్నుల్ని బ్లేడుతో సరిచేస్తూ వాడు గడిపిన సాయంత్రం గురించి నేను ఇప్పటికీ వాడి దగ్గర ఎత్తను.

ఇక బ్యాక్‌ప్లేటు. ఆ ఇనపచట్రం బోర్డు వెనక ఉండాలి, దాని కాళ్లు ముందుకి పొడుచుకు రావాలి, ముందు నుంచి స్క్రూలు పడాలి. వెనక దాన్ని పట్టుకోడానికి ఒక చెయ్యి. ముందు చట్రం ఆపడానికి ఒకటి. స్క్రూకి ఒకటి, స్క్రూడ్రైవర్‌కి ఒకటి. తమర్ని తయారు చేసినవాళ్లు చతుర్భుజుల్ని దృష్టిలో పెట్టుకున్నారని నాకు గట్టి అనుమానం. బోర్డు బయటికి తీసి బల్ల మీద పెట్టి చేసుకోవాలని అందరూ చెప్తారు. నిజమే. అన్ని వైర్లూ పీకి మళ్లీ పెట్టే ఓపిక ఉంటే నేను అందరిలో ఒకణ్ని అయ్యేవాణ్ని. కేబినెట్ పక్కకి పడుకోబెట్టి, బ్యాక్‌ప్లేటుని మోకాలితో అదిమిపెట్టి పని కానిచ్చాను. నడుం సంగతి అక్కడిదే.

పేస్టు దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ఎంత వెయ్యాలి అంటే బఠాణీ గింజంత అంటారు. ఎండు బఠాణీయా, నానబెట్టిందా? బియ్యపు గింజంత చాలంటారు ఇంకొకరు. మధ్యలో ఒక చుక్క, అడ్డగీత, ఇంటూ గుర్తు, ఐదు చుక్కలు, బద్దతో అలికినట్టు పూత. ఒక వర్గం వాళ్లు వేసింది చూసి ఇంకో వర్గం వాళ్లు కళ్లు మూసుకుంటారు. నా ఉద్దేశంలో, మొత్తం చిప్పు మీద పరుచుకునేంత ఉంటే చాలు, ఏ ఆకారంలో వేసినా తమరి బరువు కింద అణిగిపోతుంది. కాస్త ఎక్కువైతే అంచుల్లోంచి బయటికొస్తుంది, అంతే. తక్కువైతేనే చిక్కు.

ఎందుకో తెలుసా? తమరికి తెలియకుండా ఉంటుందా! ప్రాసెసర్ మూత, తమరి అడుగు, రెండూ అద్దంలా కనిపిస్తాయి. సూక్ష్మంగా చూస్తే అంతా గతుకులే. ఆ గతుకుల్లో గాలి ఇరుక్కుంటుంది. రాగి మోసే వేడిలో పదివేల వంతు కూడా గాలి మోయలేదు. ఆ గాలిని వెళ్లగొట్టి చోటు ఆక్రమించడానికే పేస్టు. పేరులో గాలి, పనిలో గాలి, బతుకంతా గాలి. పాదాల కింద మాత్రం పిసరంత గాలి ఉన్నా ఓర్వలేరు. ఇంతకన్నా ద్వంద్వనీతి నేను ఎక్కడా చూడలేదు.

పేస్టు మీద తమర్ని దించాను. రెండు వైపులా రెండు స్ప్రింగు స్క్రూలు. ఒకవైపు బిగిస్తే రెండోవైపు లేచి తూగుటుయ్యాల అవుతుంది, కాబట్టి చెరో రెండు చుట్లు మార్చి మార్చి తిప్పాలి. మళ్లీ అదే ప్రశ్న: ఎందాకా? ఈసారి జవాబు దొరికింది. స్క్రూ ఇక తిరగనని మొరాయించేదాకా. తమరు తమ్ముడి కన్నా ఈ ఒక్క విషయంలో నయం, ఆగాల్సిన చోటు ఇనుమే చెప్తుంది. ఆ ఆనందంలో స్క్రూడ్రైవర్ జారింది. చెయ్యి వెళ్లి రేకుల మీద పడింది. ఆ రేకుల అంచు ఇంత పదునని పెట్టె మీద ఎక్కడా రాయలేదు. వేలు తెగి రెండు చుక్కలు తమరి మూడో రేకు మీద పడ్డాయి.

మనది ఇప్పుడు రక్తసంబంధం. ఇంకా తమరేంటి, మీరేంటి. ఇక్కడి నుంచి నువ్వు అనే అంటాను.

నీ ఫ్యాను ఏ వైపు చూడాలో తేలడానికి ఇంకో పావుగంట. ప్లాస్టిక్ కాళ్లు కనిపించే వైపు నుంచి గాలి బయటికొస్తుందని గుర్తొచ్చి, ఆ వైపుని రేకులకి ఆనించాను. తర్వాత ఆ తీగ క్లిప్పులు. ఒక చివర ఫ్యాను రంధ్రంలో దూర్చి, ఇంకో చివర రేకుల గాడిలోకి లాగి వదలాలి. అవి లొంగేవరకూ లొంగవు, లొంగినప్పుడు గోరు తీసుకుని లొంగుతాయి. బొబ్బ అక్కడిది. తీరా తగిలించాక ఫ్యాను కిందికి దిగలేదు. కింద మెమరీ పలక, అదే ర్యామ్. దానికి నేనే మోజుపడి తెచ్చిన రంగుదీపాల కిరీటం. ఒక సెంటీమీటరు పైకి జరిపి పెట్టాను. ఈ ఒక్క సెంటీమీటరు గుర్తుపెట్టుకో.

స్విచ్ వేశాను. ఫ్యాను తిరిగింది. తెర మీద "సీపీయూ ఫ్యాన్ ఎర్రర్, ఎఫ్1 నొక్కండి". కళ్ల ముందు గిర్రున తిరుగుతున్న దాన్ని పట్టుకుని లేదంటుందేమిటి? చూస్తే వైరు కేబినెట్ ఫ్యాను ప్లగ్గులో ఉంది. మార్చాను. ఊరుకుంది.

రాత్రి పన్నెండుకి అసలు పిడుగు పడింది. నీ పాదానికి ఒక పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, బిగించే ముందు తీసెయ్యాలి. తీశానా? బఠాణీల గురించి ఆలోచించడం గుర్తుంది, పొర తీయడం గుర్తులేదు. మళ్లీ విప్పడం అనే మాట తలుచుకుంటేనే వేలు సలిపింది. అందుకని చెత్తబుట్ట కిందికి బోర్లించి, ఫోన్ టార్చి వేసి, నేల మీద కూర్చుని వెతికాను. స్క్రూ సంచులు, పేస్టు తుడిచిన గుడ్డముక్కలు, అన్నీ దొరికాయి, పొర తప్ప. చివరికి, రోజంతా నేను తిట్టిన నీ బొమ్మల కాగితం వెనక అంటుకుని కనిపించింది. దాన్ని పర్సులో పెట్టుకున్నాను. ఇంకోసారి అనుమానం వస్తే సాక్ష్యం ఉండాలిగా.

ఇప్పుడు అదే వీడియో పని చేస్తుంటే 68 డిగ్రీలు. చప్పుడు వినాలంటే చెవి దగ్గర పెట్టాలి. ఇంత నిశ్శబ్దంగా ఎలా మోస్తున్నావా అని చదివితే, నవ్వినందుకు గడ్డి అక్కడ పడింది. నీ రాగి గొట్టాల్లో ఉన్నది గాలి కాదట, నీళ్లట! గాలి తీసేసిన గొట్టంలో కొద్దిగా నీళ్లు పోసి సీలు వేస్తారు. లోపల ఒత్తిడి తక్కువ కాబట్టి కాస్త వేడికే ఆవిరై పైకి పోతాయి. రేకుల దగ్గర చల్లబడి మళ్లీ నీళ్లై, గొట్టం గోడలకి ఉన్న రాగి పొడి ఒత్తిలా పీల్చుకుంటే కిందికి చేరతాయి. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ అభివృద్ధి చేసిన గొట్టం ఇది. తర్వాత ఉపగ్రహాలెక్కింది, ఇప్పుడు నా ర్యామ్ పక్కన ఉంది.

పిన్ని దగ్గరికి వెళ్లి, నువ్వే కరెక్టు, ఇందులో నీళ్లున్నాయి అని ఒప్పుకున్నాను. ఆవిడ తలెత్తకుండానే అంది, "అదే కదరా నేనడిగింది. అయిపోతే ఎక్కడ పోస్తారు?"

ఇక ఆ సెంటీమీటరు సంగతి. పెట్టె మీద నీ ఎత్తు 158 మిల్లీమీటర్లు, నా కేబినెట్‌లో చోటు 160. రెండు మిల్లీమీటర్లు మిగులుతాయని కొనే ముందు ఎంత మురిసిపోయానో! పైకి జరిపిన ఫ్యాను సైడ్ ప్యానెల్‌ని ఆపేసింది. నాలుగుసార్లు ప్రయత్నించాను. ఎంత గట్టిగా నొక్కాలో ఈసారి ఎవర్నీ అడగలేదు. ప్యానెల్ ఇప్పుడు గోడకి ఆనించి ఉంది.

ఇట్లు,
తలుపు లేని కేబినెట్ యజమాని

తా.క.: ఫ్యానుని వెనకవైపుకి మార్చి గాలి లాగిస్తే తలుపు పడుతుందని ఇప్పటికి ముగ్గురు సలహా ఇచ్చారు. ఆ తీగ క్లిప్పులు తీసి పెట్టడానికి మీలో ఎవరొస్తారని అడిగాను. ముగ్గురూ బిజీగా ఉన్నారు.