"ఎప్పుడన్న ఇంత తాగుతడు సార్"

ఈ ఒక్క మాట మా చిన్నాయన ప్రాణం మీదికి తెచ్చింది. అన్నది మా చిన్నమ్మ. పక్కన నిలబడి తలూపింది నేను. అందుకే ఈ పోస్టులో కోపమంతా ముందు నా మీదే, తర్వాతే మిగతా వాళ్ల మీద.

చిన్నాయన లారీ డ్రైవర్. మూడేళ్ల కింద ఒక శుక్రవారం సాయంత్రం స్కూటీ మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. హాస్పిటల్లో డ్యూటీ డాక్టర్ కాగితం మీద రాసుకుంటూ షుగరుందా, బీపీ ఉందా, మందు తాగుతాడా అని వరసగా అడిగాడు. చివరిదానికి చిన్నమ్మ నా వైపోసారి చూసి, "ఎప్పుడన్న పండుగలకు, ఫంక్షన్లకు ఇంత తాగుతడు సార్" అంది. రోజుకో హాఫ్ లేపుతాడని ఇంటిల్లిపాదికీ తెలుసు. పొద్దున్నే ఓ తొంభై పడకపోతే చాయ్ గ్లాసు పట్టిన చెయ్యి వణుకుతుందనీ తెలుసు. కానీ పక్కనే కొత్తల్లుడు నిలబడి ఉన్నాడు. అతని ముందు ఇంటి పరువెందుకు తీసుకోవాలనుకున్నాం.

శనివారం ఒళ్లంతా చెమటలు, చేతుల వణుకు. నొప్పికనుకున్నాం. రాత్రంతా నిద్ర లేదు. చోటు కొత్త కదా అనుకున్నాం. ఆదివారం రాత్రికి మనిషి మనిషిలో లేడు. ఒంటి మీద చీమలు పాకుతున్నాయని దులుపుకుంటున్నాడు. దుప్పటి పోగులు పీకుతున్నాడు. పడుకున్న చోటే గాల్లో స్టీరింగ్ తిప్పుతూ, గేర్లు మారుస్తూ, అక్కడ లేని క్లీనర్‌ను "రైట్ చూడ్రా, రైట్ చూడు" అని తిడుతున్నాడు. విరిగిన కాలితో బ్రేకు తొక్కబోయాడు. నేను నవ్వాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మేనత్త గాలి సోకిందని తాయెత్తు కోసం ఊరికి ఫోన్ కొట్టింది. వార్డు వాళ్లు చేతులు మంచానికి కట్టేశారు. సోమవారం పొద్దున రౌండ్స్‌కొచ్చిన పెద్ద డాక్టర్ ఒక్క నిమిషం చూసి, చిన్నమ్మను పక్కకు పిలిచి అడిగిన ప్రశ్న ఒకటే: "అమ్మా, చివరిసారి ఎప్పుడు తాగాడు?"

దీనికి వాళ్ల భాషలో డెలీరియం ట్రెమెన్స్ అని పేరు. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇదీ. మందు మెదడును జోకొడుతుంది. మన నోటికి, చేతికి కళ్లెం వేసి ఉంచే భాగం ముందుగా మత్తులో పడుతుంది కాబట్టి కాసేపు హుషారనిపిస్తుంది, అంతే. మెదడులో గాబా అనే రసాయనం నాడీకణాలను నెమ్మదిగా ఉంచితే, గ్లూటమేట్ అనేది వాటిని ఉరికిస్తుంది. ఇద్దరి మధ్యా ఎప్పుడూ తాడులాగుడే. మందు పోయి గాబా జట్టులో చేరుతుంది. ఏదో ఒకరోజైతే పర్వాలేదు. ఏళ్ల తరబడి రోజూ అదే పనైతే మెదడు ఊరుకోదు, మనిషి మెలకువగా ఉండి లారీ నడపాలి కదా. అవతలి జట్టును బలంగా పెంచుకుంటూ పోతుంది. అందుకే పాత తాగుబోతు హాఫ్ కొట్టి కూడా తూలకుండా నడిచిపోతాడు. మనమేమో "వానికి ఎంత తాగినా ఎక్కదు" అని మెచ్చుకుంటాం. ఎక్కకపోవడమంటేనే రోగం ముదిరిందని లెక్క.

అలాంటి మనిషికి మందు ఒక్కసారిగా ఆగిపోయిందనుకోండి. ఒక పక్కవాళ్లు చటుక్కున తాడొదిలేస్తే రెండో పక్కవాళ్లు ఏమవుతారో చిన్నప్పుడు అందరం చూసిందే. ఆరు నుంచి ఎనిమిది గంటల్లో వణుకు, చెమట మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక కొందరికి ఈ చీమలు, ఈ స్టీరింగ్. దాంతోపాటు జ్వరం, గుండెదడ. సమయానికి వైద్యం అందకపోతే పోతారు. మేము చేసిన నిర్వాకం ఏంటంటే, రెండున్నర రోజులు డాక్టర్ చేతులు కట్టేసి, తర్వాత చిన్నాయన చేతులు కట్టించాం.

మా ఒక్క ఇంటి కథే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి వైన్ షాపులు మూశాక కొన్ని రోజులకే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటి కేసులు వరస కట్టాయి. మనం ఇళ్లలో కూర్చుని వాటి మీద వాట్సాప్‌లో జోకులు పంపుకున్నాం. ఆ జూలై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో షాపులు మూతపడితే, శానిటైజర్ తాగి పదిమందికి పైగా చచ్చిపోయారు. "శానిటైజర్ తాగేంత కక్కుర్తా" అన్నాడు మా ఆఫీసులో ఒకాయన. ఆయన టీ ఒక పూట ఆలస్యమైతే తలనొప్పని ఫ్లోరంతా తిరుగుతాడు.

ఇంకాస్త వెనక్కి వెళ్తే 2015. తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు చేసి దుకాణాలు మూయించారు. మంచి పనే. కానీ నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ పల్లెల్లో జనం మెడలు వంకర్లు పోయి, నాలుకలు కొరుక్కుని, పిచ్చిచూపులతో ఆసుపత్రుల్లో పడ్డారు. చెట్టు నుంచి దింపిన కల్లుకు ఇంత గోల ఉండదు. అందులో కలిపింది ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్. అన్నీ మెదడును జోకొట్టేవే. రోజంతా రెక్కలు ముక్కలు చేసుకుని సాయంత్రం సీసా కల్లు తాగిన ముసలవ్వకు, తను మింగుతున్నది నిద్రమాత్రల పొడి అని ఎట్లా తెలుస్తుంది? అక్కడ ఆగితే కల్లు మీద కోపమే మిగులుతుంది. ఇంకో సంగతి చూడండి, చిన్నాయనకు చివరికి డాక్టర్ ఇచ్చింది కూడా అదే జాతి మందు, డైజిపాం. మెదడు కుదుటపడేదాకా లెక్క ప్రకారం ఇచ్చి, రోజురోజుకీ తగ్గించి ఆపేశారు. వాటితో పాటు బి1 విటమిన్ ఇంజెక్షన్లు. తిండి మాని తాగేవాళ్లలో బి1 అడుగంటితే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చట.

"అయితే తాగుతూనే ఉండమంటావా" అని ఎవరో ఒకరు అడుగుతారు, నాకు తెలుసు. మానాలి. మానే పద్ధతి ఒకటుందనే చెప్తున్నా. "మొగోనివైతే రేపట్నుంచి ముట్టకు" అని నలుగురిలో ఒట్టేయించి గదిలో పెట్టి గడియ వేసే పెద్దమనుషులకే ఈ ముక్క. అయ్యప్ప మాలంటే నాకూ గౌరవమే, నేనూ రెండుసార్లు వేసుకున్నా. 41 రోజులు నిష్ఠగా ఉండి, తర్వాత కూడా ముట్టని వాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. కానీ పొద్దున లేవగానే చేతులు వణికి, గుక్క పడగానే ఆ వణుకు ఆగే మనిషి మాల వేసుకునే ముందు డాక్టర్‌కు ఒకసారి కనపడితే స్వామికేం కోపం రాదు.

గోడల మీద రాతలు చూసే ఉంటారు, "తాగేవారికి తెలియకుండా తాగుడు మాన్పించబడును" అని. మా చిన్నమ్మ ఆ పొడి కూడా తెచ్చి పప్పులో కలిపింది. అందులో ఏముందో అమ్మినవాడికే ఎరుక. డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ అనే మాత్ర ఒకటుంది. అది వేసుకుని మందు తాగితే మొహం ఎర్రబడి, వాంతులయి, బీపీ పడిపోతుంది. ముందే చెప్పి, ఒప్పించి, టెస్టులు చేసి ఇచ్చే మాత్ర అది. అలాంటిది తెలియకుండా తిండిలో కలపడమంటే ఆ మనిషి ప్రాణంతో ఆడుకోవడమే.

కేంద్రం ఎయిమ్స్‌తో చేయించి 2019లో బయటపెట్టిన సర్వే ఒకటుంది. దేశంలో మద్యం తాగేవాళ్లు సుమారు 16 కోట్లు. దానికి బానిసలైనవాళ్లలో ఏదో ఒక వైద్య సాయం అందింది 38 మందిలో ఒక్కరికే. మిగతా 37 మంది ఇళ్లలో ఏం జరుగుతోందో నాకు చెప్పక్కర్లేదు, మా ఇంట్లోనే చూశా. తాగుడు, మత్తు మానాలనుకునేవాళ్ల కోసం 14446 అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, ఫోన్ చేస్తే డబ్బులేం పడవు, దారి చెప్తారు. అది కూడా నాకు చిన్నాయన డిశ్చార్జ్ అయ్యాకే తెలిసింది.

ఆ నాలుగు రోజులు చిన్నాయనకు బొత్తిగా గుర్తులేవు. నేను చెప్తే నమ్మడు. తర్వాత రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టాడు, రెండుసార్లూ మళ్లీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. చుట్టాలకు మాత్రం చిన్నమ్మ ఇప్పటికీ "లివర్ ప్రాబ్లం" అనే చెప్తుంది.

పోయిన నెల కంటి ఆపరేషన్‌కు తీసుకెళ్లాం. నర్సమ్మ కాగితం తీసి అదే వరస: షుగరు, బీపీ, మందు. చిన్నమ్మ నా వైపు చూసింది. ఈలోపే చిన్నాయన అందుకున్నాడు: "రోజూ హాఫ్ కొట్టేటోన్ని మేడం. ఏడాదిన్నరాయె బంద్ చేసి." కాసేపాగి, "మొన్న దసరాకు ఒక్కసారి" అన్నాడు.

చిన్నమ్మ గిర్రున తిరిగింది. "దసరాకా? నాకు చెప్పలే?"