నీలి తెర గారికి ఒక బహిరంగ విన్నపం

మహారాజశ్రీ 16×2 (వరుసకు పదహారు అక్షరాలు, రెండు వరుసల) నీలిరంగు ఎల్‌సీడీ తెర గారి సముఖమునకు,

గదిలోని ఉష్ణోగ్రతను, తేమను చూపే చిన్న పెట్టెను సొంతంగా తయారు చేసుకోబోయిన ఒక సామాన్యుడు విన్నవించుకునేది ఏమనగా: ఫొటోలో ముదురు నీలం మీద తెల్లని అక్షరాలతో తమరు వెలిగిపోతుంటే, పక్కనే పాత కాలిక్యులేటర్ ముఖంతో కూర్చున్న పసుపుపచ్చ తెరను కన్నెత్తి అయినా చూడకుండా తమరినే ఇంటికి తెచ్చుకున్నాను.

కరెంటు ఇవ్వగానే పై వరుసలో పదహారు నిండు గడులు చూపించి మౌనం వహించారు. అంటే కరెంటు అందింది గానీ, ప్రోగ్రాము పంపిన తొలి ఆదేశాలు చెవిన పడలేదని అర్థమట. నా సోల్డరింగ్‌లో 6వ పిన్ను సరిగా అతకలేదు కనుక ఆ పాపం నాదే. 3వ పిన్నుకు కలిపిన 10 కిలో ఓమ్‌ల ప్రీసెట్ (స్క్రూ తిప్పి అక్షరాల ముదురుదనాన్ని సర్దే చిన్న రెసిస్టర్) సంగతి వేరు: స్క్రూ ఇటు తిప్పితే గడులు, అటు తిప్పితే శూన్యం, అక్షరాలు మాత్రం ఈ రెంటి మధ్య వెంట్రుకవాసిలో కాపురం.

డిగ్రీ గుర్తు అడిగితే జపాను కటకానా అక్షరాన్నీ, ఒక అడ్డగీతనూ ప్రసాదించారు. తమరి అక్షరాల పట్టికలో ఆ చిన్న సున్నా 223వ స్థానంలో ఉంటుందని తెలియకపోవడం కూడా నా అజ్ఞానమే. (ఐదు చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తులో 'ష్ణో'ను ఇరికించబోయిన నా సాహసాన్ని ఇక్కడ ప్రస్తావించను.)

అసలు ఫిర్యాదు వెలుతురుతో. రాత్రి మెరిసిన తమరు, పొద్దున కిటికీ పక్కన పెట్టేసరికి ఒట్టి నీలి పలకగా మారారు. వెనక దీపం అక్షరాల గుండా బయటికి రావడమే తమరి విద్య. ఎండ ఆ దీపాన్ని మించిపోతుంది, పోనీ దీపం ఆర్పుదామంటే ఆ పలకైనా మిగలదు. చిప్పు ఒకటి రెండు మిల్లీయాంపియర్లతో సరిపెట్టుకుంటుంటే, ఆ దీపం దానికి ఎన్నో రెట్లు మింగి నా బ్యాటరీలను హరిస్తోంది. పైగా తమరు ఆరు గంటల దిక్కు నుంచి, అనగా కింది నుంచి చూసేవారి కోసం తయారైనవారు. పెట్టెను నడుము ఎత్తులో పెట్టిన నేను అంకె చదవాలంటే తమరి ముందు మోకరిల్లవలసి వస్తోంది.

చివరికి ఆ పసుపుపచ్చ తెరనే తెచ్చాను. అవే పదహారు పిన్నులు, అవే తీగలు. ప్రోగ్రాములో ఒక్క వరుస కూడా మార్చలేదు. దీపం ఆర్పినా, తన మీద పడిన ఎండనే వాడుకుని నల్లని అంకెలు చూపిస్తోంది.

తమరిని కిటికీ లేని సామాన్ల గదికి, తల కంటే ఎత్తైన అరకు బదిలీ చేస్తున్నాను. ప్రీసెట్ ఎక్కడ ఆపాలో పెన్సిలుతో గీత పెట్టాను, దయచేసి కదలకండి.

ఇట్లు,
మోకాళ్ల నొప్పులతో, తమరి మాజీ భక్తుడు