చేతికందే రూపాయి

కిందటి సంక్రాంతికి అమెరికా నుంచి రాజమండ్రి వెళ్ళినప్పుడు ఒక మిఠాయి దుకాణంలో కాజాలు తీసుకుని ఐదు వందల నోటు ఇస్తే, యజమాని దాన్ని నావైపే జరిపి, చిల్లర లేదు, ఫోన్‌పే చేయండి అన్నారు. అమెరికాతో సహా పది దేశాల ఫోను నంబర్లున్న ప్రవాసులు మన బ్యాంకుల్లో తమకోసం ఉండే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌వో ఖాతాలతో యూపీఐ వాడుకునే వీలు 2023లోనే కల్పించారు గాని, బద్ధకించి నేనా పని చేసుకోలేదు. చివరికి నా వెనుక నిలబడిన కుర్రవాడు తన ఫోనుతో చెల్లించి, నా నోటు తీసుకుని, మిగతా సొమ్ము తన పర్సులోంచి లెక్కపెట్టి ఇచ్చాడు. గల్లాపెట్టెలో లేని చిల్లర ఆ కాలేజీ కుర్రవాడి దగ్గర ఉండడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంది.

నగదు రహిత చెల్లింపుల్లో మన దేశం సాధించినదాన్ని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. 2016లో మొదలైన యూపీఐ ద్వారా 2023 ఆగస్టులో ఒక్క నెలలోనే 1,000 కోట్లకు పైగా చెల్లింపులు జరిగాయి. ఇక్కడ అమెరికాలో కార్డు గీకిన ప్రతిసారీ దుకాణదారు నూటికి రెండు మూడు డాలర్ల దాకా వదులుకోవలసి వస్తుంటే, అక్కడ 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపులపై వ్యాపారి నుంచి రుసుము తీసుకోరాదన్న నియమం ఉన్నందువల్లే కొబ్బరిబొండాల బండికి కూడా క్యూఆర్ కోడ్ వేలాడుతోంది. ఆ ఖర్చు లేకుండా పోలేదు. బ్యాంకులు కొంతా, ప్రోత్సాహకాల పేరిట ప్రభుత్వం కొంతా మోస్తున్నాయి. ఎంతకాలం మోస్తాయన్నది వేరే చర్చ.

అయితే ఈ మార్పు పెద్ద నోట్ల రద్దు పుణ్యమేనన్న మాట ఇక్కడి మన తెలుగు సభల్లో తరచుగా వినిపిస్తుంది, దానితో నేను ఏకీభవించలేను. రద్దయిన 15.41 లక్షల కోట్ల రూపాయల నోట్లలో 15.31 లక్షల కోట్లు బ్యాంకులకు తిరిగి వచ్చాయి; రద్దుకు ముందు సుమారు 18 లక్షల కోట్లుగా ఉన్న నగదు చలామణి 2024 మార్చి నాటికి దాదాపు 35 లక్షల కోట్లకు చేరింది. బలవంతాన మానిపించబోయిన నగదును జనం మానలేదు, ఎవరూ బలవంతపెట్టకపోయినా ఫోను చెల్లింపులను సుఖంగా ఉన్నాయని అందుకున్నారు. రెంటినీ ఉంచుకోవడానికి వారి కారణాలు వారికున్నాయి. ఇంటి ఖర్చులో మిగిల్చి పోపుల డబ్బాలో దాచుకునే ఇల్లాలికి, ఆ సొమ్ము ఎవరి ఫోనుకూ సందేశం పంపదన్నదే ధైర్యం. 2025లో కర్ణాటకలో యూపీఐ వసూళ్ళ లెక్కలు చూసి వాణిజ్య పన్నుల శాఖ చిరు వ్యాపారులకు నోటీసులు పంపినప్పుడు, బెంగళూరులో చాలా దుకాణాల ముందు నగదు మాత్రమే తీసుకుంటామన్న కాగితాలు వెలిశాయి. పన్ను ఎగవేతను నేను సమర్థించడం లేదు. కానీ ఆ నోటీసులు అందుకున్నవారిలో జీఎస్టీ వర్తించని కూరగాయలు, పాలు అమ్ముకునేవారు కూడా ఉన్నారు.

ఈ విషయంలో నా అభిప్రాయాన్ని స్థిరపరచింది మాత్రం ఆంధ్రప్రదేశ్‌లోని పింఛన్ల ఉదంతమే. ఎన్నికల నియమావళి కారణంగా వాలంటీర్లు ఇంటింటికీ తెచ్చి ఇచ్చే పంపిణీ ఆగిపోయి, 2024 మే నెల పింఛను సొమ్మును చాలామందికి నేరుగా బ్యాంకు ఖాతాల్లో జమ చేశారు. కాగితం మీద అంతకంటే శుభ్రమైన పద్ధతి లేదు. కాని ఏ ఖాతాలో పడిందో తెలియనివారు, ఖాతా వాడక చాలాకాలమైనవారు, మండల కేంద్రం దాకా ఒంటరిగా వెళ్ళలేనివారు మండుటెండలో బ్యాంకుల ముందు బారులు తీరవలసి వచ్చింది. జూలై 1న పెంచిన పింఛనును గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బంది ఇళ్ళకే తీసుకువెళ్ళి నోట్లుగా చేతికిచ్చారు. మనిషిని గుర్తించడానికి వేలిముద్ర యంత్రం, సొమ్ము అందించడానికి నగదు! సాంకేతికతకు పేరుపడిన రాష్ట్రం ఇలా చేయడం వెనుకబాటు అని కొందరు మిత్రులు వాదిస్తారు గాని, యంత్రం ఎక్కడ పనికివస్తుందో, ఎక్కడ మనిషి నడిచి వెళ్ళాలో తెలిసిన ఏర్పాటుగానే నేను దాన్ని చూస్తాను.

మనలో చాలామందిమి నివసించే న్యూజెర్సీలో దుకాణాలు నగదును నిరాకరించరాదని 2019లో చట్టం చేశారు. విమానాశ్రయాల వంటి కొన్నిచోట్ల మాత్రమే మినహాయింపు ఉంది. అటువంటి నియమం మన తెలుగు రాష్ట్రాల్లో కనీసం మందుల దుకాణాలకూ, ఆసుపత్రులకూ, బస్సులకూ అయినా ఉండాలి. సర్వర్లు మొరాయించిన రోజు సంగతి అటుంచి, ఫోను చార్జింగు అయిపోయిన వృద్ధుడికి మాత్రల కోసం మరో దారి ఉండాలి కదా.

ఇక్కడినుంచి తల్లిదండ్రుల ఖర్చులు చూసుకోవచ్చని వారి ఫోనుల్లో యాప్‌లు పెట్టించి, జీవితకాలపు పొదుపున్న ఖాతాకే వాటిని తగిలించి వచ్చేవారిలో నేనూ ఒకణ్ణి. డబ్బు పంపుతాం, పిన్ కొట్టండనేవారు మోసగాళ్ళనీ, డబ్బు రావాలంటే పిన్ కొట్టనక్కర్లేదనీ అమ్మకు నాలుగైదు సార్లు చెప్పాక, చెప్పడం చాలదని తోచి, యూపీఐకి వేరే ఖాతా తెరిపించాను. అందులో ఐదు వేలకు మించి ఉంచడం లేదు. కరెంటు బిల్లు, గ్యాసు దానితోనే కడుతుంది. పాలాయనకు మాత్రం క్యాలెండరు మీద గీతలు లెక్కపెట్టి నెలాఖరున నోట్లే ఇస్తుంది; ఆయనా వాటినే అడుగుతాడు.