గాలి లీడర్ కావలెను

పిల్లల ఆరోగ్యం మీద మన చట్టానికి ఎంత శ్రద్ధో చూడండి. 2003లో వచ్చిన పొగాకు చట్టం ప్రకారం బడికి 100 గజాల లోపు బీడీ, సిగరెట్ అమ్మకూడదు. మంచిదే. వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో చాలాచోట్ల ప్రహరీ దాటగానే (ప్రహరీ ఉంటే) పత్తి చేను మొదలవుతుంది. ఆ చేన్లో పురుగుల మందు కొట్టే పంపు దగ్గర మాత్రం ఎవరూ టేపు పట్టుకుని నిలబడరు. గోడ పక్కన సిగరెట్ అమ్మితే నేరం, మందు డబ్బా మూత తీస్తే వ్యవసాయం.

కాబట్టి తప్పు పిల్లలదే అయి ఉండాలి. ఆధారం లేకుండా అనడం లేదు. ఒంటి బరువుతో లెక్కగడితే పెద్దవాళ్లకన్నా పిల్లలే ఎక్కువ గాలి పీలుస్తారు. ఇది వైద్యులు చెప్పే మాటే. పైగా నేల మీద కూర్చుంటారు, మట్టిలో ఆడతారు, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. ఊరుమ్మడి గాలిని వాటాకు మించి వాడేసుకుని, మళ్లీ కళ్లు మండుతున్నాయనీ తల తిరుగుతోందనీ సార్‌కు ఫిర్యాదు! సార్ మాత్రం ఏం చేస్తాడు, కిటికీ మూయమంటాడు. రెక్క ఉంటే మూస్తారు.

నా సూచన చాలా చౌక. ప్రతి తరగతికి ఒక గాలి లీడర్‌ను పెట్టాలి. పత్తికి మందు కొట్టినన్నాళ్లూ ఆ పిల్ల కిటికీ దగ్గర కూర్చుని, గాలి తిరగ్గానే "సార్, ఇటే వస్తుంది" అని అరవాలి. వెంటనే అందరూ ఊపిరి బిగబట్టాలి. లెక్కల పీరియడ్‌లో ఎలాగూ బిగబట్టే ఉంటారు.

చిన్న తరగతులకు రంగుల పాఠం కూడా ఖర్చు లేకుండా అయిపోతుంది. కాలువ గట్టున పడి ఉన్న ఖాళీ డబ్బాల మీద ముక్కోణం ఉంటుంది. ఎరుపంటే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ కూడా విషమే, కాస్త మర్యాదస్తురాలు అంతే.

అయితే అన్ని డబ్బాలూ పారేయడానికి మనకు మనసొప్పదు, కొన్ని కడిగి వాడుకుంటాం. 2013 జులైలో బిహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుల మందు కలిసిందని పరీక్షల్లో తేలింది. మన పత్తి రైతులు 'మోనో' అని పొట్టి పేరుతో పిలిచేది దాన్నే. వడ్డించే ముందు పెద్దవాళ్లు రుచి చూడాలని అప్పుడు అందరికీ గట్టిగా చెప్పారు. గాలికీ ఇదే పద్ధతి పెడదామంటే రుచి చూడ్డానికి ఏ పెద్దమనిషీ ముందుకు రావడం లేదు.

గోడల సంగతి ఒక్క ముక్కలో చెప్తా. రంగుల్లో సీసం 90 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుకు ఆ సర్క్యులర్ అందినట్టు లేదు, తన పాటికి తాను పెచ్చులూడుతోంది.

రైతును అందామంటే నోరు రాదు. మాస్కు, గ్లౌజులు వేసుకోమని డబ్బాతో వచ్చే కాగితం చెబుతుంది. ఆయన దగ్గరున్నది తువ్వాల. బడిలో కూర్చున్నది ఆయన బిడ్డే. ఆ కాగితంలో అక్షరాలు మరీ చిన్నవి కాబట్టి, చదవడానికి మళ్లీ ఆ బిడ్డే కావాలి. ఆరో తరగతి పిల్ల, కూడబలుక్కుంటూ మొదలుపెడుతుంది: "పిల్లలకు అందకుండా ఉంచవలెను..."

"గదంత ఎందుకు బిడ్డా," అంటాడు నాయిన, "పంపుకు ఎన్ని మూతలు పొయ్యాల్నో చూడు."