డాక్టరుకు చెప్పని కషాయం

రొమ్ము క్యాన్సర్ అని బయాప్సీ రిపోర్టు చేతికొచ్చి వారం తిరక్కుండానే ఇంటికి రెండు దిక్కుల నుంచి వైద్యం వస్తుంది. ఆస్పత్రి చెప్పేది ఆపరేషన్, కీమో, రేడియేషన్, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒక మాత్ర. చుట్టాలు, పక్కింటివాళ్లు, వాట్సాప్ గ్రూపులు చెప్పేది పసుపు క్యాప్సూల్, తిప్పతీగ మాత్రలు, అశ్వగంధ చూర్ణం, గోధుమగడ్డి రసం, లక్ష్మణఫలం ఆకుల కషాయం. చాలా ఇళ్లలో రెండూ మొదలవుతాయి. మొదటి వైద్యం ఫైలులో తేదీలతో సహా ఉంటుంది, రెండోది ఎక్కడా రాసి ఉండదు. ఈ వ్యాసంలో నా ఫిర్యాదంతా అది ఎక్కడా రాసి లేకపోవడం మీదే. దానికి పేషెంటునే తప్పుపడితే మాత్రం నేను ఒప్పుకోను.

రద్దీగా ఉండే క్యాన్సర్ ఓపీలో ఒక పూట కూర్చుంటే సంగతి అర్థమవుతుంది. పొద్దున్నే వచ్చినవాళ్ల నంబరు పిలిచేసరికి మధ్యాహ్నం అవుతుంది. డాక్టరు బ్లడ్ కౌంట్ చూసి, వాంతులయ్యాయా, జ్వరం వచ్చిందా అని అడిగి, తర్వాతి సైకిల్, అంటే తర్వాతి విడత కీమో, తేదీ రాసేస్తారు. వెనకాల నిలబడ్డ కూతురు "అమ్మా, ఆ చూర్ణం సంగతి చెప్పు" అని మెల్లగా అంటుంది. తల్లి కళ్లతోనే వద్దంటుంది. తిడతారని భయం. ఇలాగే చెప్పినందుకు ఎవరినో తిట్టారని బయట బెంచీ మీద విని ఉంటుంది. "అవన్నీ వాడేట్టయితే నా దగ్గరకు రాకండి" అన్న మాటతో పేషెంటు చూర్ణం మానదు, డాక్టరుకు చెప్పడం మానేస్తుంది.

అసలు ఎందుకు వాడతారో ముందు ఒప్పుకుందాం. కీమో ఎక్కించిన మూడో రోజుకు మంచం దిగలేని నీరసం, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే చేదు. ఆస్పత్రిలో జరిగేదాంట్లో ఇంట్లోవాళ్ల చేతుల్లో ఏమీ ఉండదు, కషాయం కాచడం ఒక్కటే వాళ్లు చేయగలిగింది. భర్తకో చెల్లెలికో అది ఇచ్చే ధైర్యం చిన్నది కాదు. దాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసేవాళ్లకు రోగి పక్కన కూర్చున్న అనుభవం లేదనుకుంటాను.

అలాగని "ఆకే కదా, ఏం చేస్తుంది" అనుకోవడమూ పొరపాటే. రొమ్ము క్యాన్సర్‌కు ఎక్కువగా వాడే కీమో మందుల్లో ఒకటైన పాక్లిటాక్సెల్ చెట్టు బెరడు నుంచి వచ్చిందే. అమెరికా పశ్చిమ తీరంలో పెరిగే పసిఫిక్ యూ అనే చెట్టు అది. మన్‌సుఖ్ వాణీ అనే భారతీయ రసాయన శాస్త్రవేత్త, మన్రో వాల్ కలిసి 1971లో దాని నిర్మాణం ప్రకటించారు. రొమ్ము క్యాన్సర్‌కు వాడేందుకు అమెరికాలో 1994లో అనుమతి వచ్చింది. మన పెరళ్లలో పూసే బిళ్ళ గన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ వచ్చాయి. ఆ రెండింటినీ పేషెంటు ఒంటి కొలతను బట్టి మిల్లీగ్రాముల్లో లెక్కకట్టి సిరలోకి ఎక్కిస్తారు, ఎందుకంటే కాస్త ఎక్కువైతే ప్రాణం మీదకొస్తుంది. ఆకులో పస ఉందని నమ్మేవాళ్లు, ఆ పస పక్కనున్న మందును కదిలించగలదని కూడా నమ్మాలి.

పసుపు సంగతే చూడండి. హార్మోన్ పాజిటివ్, అంటే హార్మోన్ల ఊతంతో పెరిగే రకం అని రిపోర్టు వచ్చిన చాలామందికి టామాక్సిఫెన్ మాత్ర రాస్తారు. రోజుకొకటి, అయిదేళ్లు, కొందరికి పదేళ్లు. ఈ రకం జబ్బులో అయిదేళ్లు వాడితే క్యాన్సర్ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గుతాయని ఎన్నో పరీక్షల ఫలితాలను కలిపి చూస్తే తేలింది. అయితే ఈ మాత్ర నేరుగా పనిచేసేది తక్కువ. లివర్‌లోని ఎంజైములు దాన్ని ఎండాక్సిఫెన్‌గా మారిస్తేనే అసలు పని జరుగుతుంది. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ వైద్యులు టామాక్సిఫెన్ వాడుతున్న 16 మందికి పసుపులో ఉండే కర్క్యుమిన్ అనే పదార్థాన్ని రోజూ ఇచ్చి రక్తం పరీక్షించి, 2019లో ఫలితాలు ప్రచురించారు. ఎండాక్సిఫెన్ సగటున 8 శాతం దాకా తగ్గింది. కర్క్యుమిన్‌తో పాటు మిరియాల్లో ఉండే పైపరిన్ కూడా ఇస్తే 12 శాతం దాకా తగ్గింది. కొందరిలో అది మందు పనిచేయడానికి కావాలనుకునే స్థాయి కంటే కిందికి జారింది.

ఇది చిన్న పరీక్ష. జబ్బు తిరగబెట్టడం గురించి ఇది ఏమీ చెప్పదు. పప్పులో, చారులో వేసే పసుపుకు దీంతో సంబంధమూ లేదు. పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్లు అటూఇటూగా ఉంటుంది. ఆ పరీక్షలో ఇచ్చినంత, అంటే రోజుకు 3.6 గ్రాములు కూరల్లోంచి రావాలంటే వంద గ్రాములకు పైగా పసుపు తినాలి. క్యాప్సూల్‌లో అయితే ఆ మోతాదు సులువుగా వచ్చేస్తుంది. పైగా "మిరియాల పొడితో కలిపి వేసుకోండి, ఒంటికి పడుతుంది" అని వాట్సాప్‌లో తిరిగే సలహా అబద్ధం కూడా కాదు. పైపరిన్‌తో కలిస్తే రక్తంలోకి చేరే కర్క్యుమిన్ 20 రెట్లు అవుతుందని బెంగళూరు పరిశోధకులు 1998లోనే చూపించారు. అంత బాగా ఒంటికి పట్టడమే ఇక్కడ ఇబ్బంది.

కీమో నడుస్తుండగా నాకు ఇంకా ఎక్కువ టెన్షన్ పెట్టేది లివర్. కోవిడ్ రోజుల్లో ఇమ్యూనిటీ పేరుతో తిప్పతీగ ఇంటింటికీ చేరింది. 2021లో ముంబై వైద్యులు, అది వాడాక లివర్ దెబ్బతిన్న ఆరుగురి వివరాలు ప్రచురించారు. మరుసటి ఏడాది హైదరాబాద్ వైద్యులు కూడా పాల్గొన్న అధ్యయనంలో దేశంలోని 13 ఆస్పత్రుల నుంచి ఇలాంటివే 43 కేసులు బయటపడ్డాయి. వేరే జాతి తీగతో పొరబడి ఉంటారని ఆయుష్ శాఖ వాదించింది. ఆ వాదన నిజమే అనుకుందాం. మార్కెట్లో కొన్న డబ్బాలో ఏ జాతి తీగ ఉందో ఇంట్లోవాళ్లు ఎలా తేల్చుకోవాలి?

రొమ్ము క్యాన్సర్ పేషెంటుకు ఎల్‌ఎఫ్‌టీ, అంటే లివర్ పనితీరు చెప్పే రక్తపరీక్షలో అంకెలు పెరిగితే మామూలు మనిషికి పెరిగినట్టు కాదు. ఆ పరీక్షలో చూసే బిలిరుబిన్ హద్దు దాటితే డోసెటాక్సెల్ అనే కీమో మందు ఇవ్వరు. డాక్సోరుబిసిన్, అదే ఎర్ర మందు, మోతాదు తగ్గించాల్సి వస్తుంది. అప్పుడు డాక్టరు ముందు మూడు ప్రశ్నలు ఉంటాయి. కీమో వల్లా? జబ్బు లివర్‌కు పాకిందా? ఏదైనా ఇన్‌ఫెక్షనా? నాలుగో ప్రశ్న అడగడం ఆయనకు తోచదు, చెప్పడానికి ఆమెకు ధైర్యం చాలదు. సైకిల్ వాయిదా పడుతుంది, స్కాన్ రాస్తారు, ఇల్లంతా పాకిందేమోనని వారం పాటు నిద్రపోదు. ఈ తతంగమంతా ఆగడానికి "తిప్పతీగ మాత్రలు వాడుతున్నానండీ" అన్న ఒక్క ముక్క చాలు.

'బలానికి' వాడే మాత్రల విషయంలో మనవాడి కథే ఒకటి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లల్లో అది జబ్బును ఎగదోస్తున్నట్టు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించారు. అయితే ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందు కావాలని ఆయన అడిగితే సుబ్బారావు బృందం అమినోప్టెరిన్, ఆ వెంటే మెథోట్రెక్సేట్ అందించింది. మెథోట్రెక్సేట్ తర్వాత దశాబ్దాల పాటు రొమ్ము క్యాన్సర్ కీమోలో భాగమైంది. ఇప్పటికీ కెపసిటబిన్ అనే కీమో మాత్రలు వాడేవాళ్లు ఫోలిక్ యాసిడ్ బిళ్లలు కలిపితే విరేచనాలు, నోటిపూత ముదురుతాయి. బలమని మింగేది ఎవరికి బలమిస్తుందో డాక్టరును అడగందే తెలియదు.

ఆయుర్వేదాన్ని దీనికి విరోధిగా చూపడం నాకు నచ్చదు. కలపకూడనివి కలిపితే చేటని విరుద్ధాహారం పేరుతో ఆ శాస్త్రమే చెప్పింది. మందుకో అనుపానం, జబ్బుకో పథ్యం పెట్టింది. మంచి వైద్యుడు నాడి చూసి, ఇంకేం వాడుతున్నావని అడిగాకే మందు ఇస్తాడు. ఆన్‌లైన్‌లో డబ్బా అమ్మేవాడు ఆ ప్రశ్న అడగడు. క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. యూట్యూబ్ తెరిస్తే ఆ చట్టం ఉన్న జాడే కనబడదు. డబ్బాలో ఏముందన్నది మరో సమస్య. బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో పద్నాలుగింటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా దొరికిందని 2004లో అక్కడి వైద్యులు తేల్చారు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఇండియా నుంచి తెప్పించుకున్న పొట్లాలను అక్కడి ఆంకాలజిస్టుకు అసలే చూపించరు, ఆయనకు ఆ పేరు కూడా తెలియదు కదా అని.

అసలు ప్రమాదం 'తోపాటు' కాస్తా 'బదులు'గా మారే చోట ఉంది. యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో రెండు అధ్యయనాలు ప్రచురించారు. మామూలు వైద్యం వదిలేసి ప్రత్యామ్నాయ వైద్యానికే వెళ్లిన రొమ్ము క్యాన్సర్ రోగుల్లో మరణ ప్రమాదం అయిదున్నర రెట్లకు పైగా కనిపించింది. రెండో అధ్యయనం మనకు ఇంకా దగ్గరిది. రకరకాల క్యాన్సర్లకు ఆస్పత్రి వైద్యం ఎంతో కొంత తీసుకుంటూనే ఇతర వైద్యాలూ కలిపిన 258 మందిని చూశారు. వాళ్లలో 34 శాతం కీమో సిఫార్సు చేస్తే వద్దన్నారు, 53 శాతం రేడియేషన్ వద్దన్నారు, మూడో వంతు మంది హార్మోన్ మందు వద్దన్నారు. మరణ ప్రమాదం రెండింతలు కనిపించింది. కానీ ఈ వద్దనడాన్ని లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా బాగా తగ్గి, గణాంకాల ప్రకారం నిలబడలేదు. అంటే కలిపి వాడినందుకు కన్నా, కలుపుతూ కలుపుతూ అసలుదాన్ని వదిలేసినందుకే ఎక్కువగా ప్రాణాలు పోయాయనుకోవాలి.

మన దగ్గర ఆ వదిలేయడం ఎక్కువగా టామాక్సిఫెన్ దగ్గర జరిగే అవకాశం ఉంది. గడ్డ తీసేశారు, జుట్టు మళ్లీ వచ్చింది, మనిషి మామూలైంది. మాత్ర వేసుకుంటే ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు. "ఇంగ్లీషు మందు వేడి చేసింది, ఇక చలవ మందు వాడుకో" అని ఎవరో అంటారు. రోజూ చూసే డాక్టరు లేరు, అడిగే నర్సు లేదు. మాత్ర ఆపిన సంగతి చాలాకాలం ఎవరికీ తెలియదు.

పనికొచ్చేవీ ఉన్నాయి, అవీ చెప్పాలి. కీమో వికారానికి అల్లం పనికొస్తుందని అమెరికాలో 576 మందితో చేసిన పరీక్షలో తేలింది, మామూలు మందులకు తోడుగా అరగ్రాము నుంచి గ్రాము చాలు. సోయా తినొద్దన్న భయాన్ని 5,042 మంది మహిళలతో షాంఘైలో చేసిన అధ్యయనం చాలావరకు పోగొట్టింది. ఆహారంగా తిన్నవాళ్లు మెరుగ్గానే ఉన్నారు. ఇలాంటివి తెలిసిన డాక్టరు "ఇది వాడండి, అది మాత్రం ఆపండి" అనగలరు. అప్పుడు పేషెంటు వింటుంది.

కాబట్టి మొదటి అడుగు ఆస్పత్రే వేయాలి. ఆరోగ్యశ్రీ కింద కీమో ఇవ్వాలంటే ఎన్నో కాగితాలు నింపుతున్నారు. అందులో "ఇంట్లో వాడుతున్న ఇతర మందులు" అని ఒక గడి పెట్టి, ప్రతి సైకిల్‌కు నింపితే తప్ప ముందుకు కదలకూడదన్న నియమం తేవాలి. అడిగేది డాక్టరే కానక్కర్లేదు, ఆయనకు తీరిక లేదని అందరికీ తెలుసు. డే కేర్‌లో సెలైన్ పెట్టే నర్సు, మందులిచ్చే ఫార్మసిస్టు అడగొచ్చు. "ఏమైనా వాడుతున్నారా" అంటే లేదనే అంటారు. "పసుపు, తిప్పతీగ, ఏదైనా చూర్ణం, లేహ్యం, ఇందులో ఏది వాడుతున్నారమ్మా? డబ్బా తెచ్చి చూపించండి, ఏమీ అనం" అని పేర్లు పెట్టి అడగాలి. ఆపరేషన్‌కు రెండు వారాల ముందు తప్పకుండా అడగాలి, వెల్లుల్లి, పసుపు క్యాప్సూళ్లు రక్తం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేయగలవు కాబట్టి. టామాక్సిఫెన్ వాడేవాళ్లను ఆరు నెలలకోసారి చెకప్‌కు వచ్చినప్పుడు "మాత్ర వేసుకుంటున్నారా" అనే ప్రశ్నతో పాటే ఇదీ అడగాలి. ఈలోగా ఇంట్లోవాళ్లు చేయగలిగింది ఒకటుంది. తర్వాతి సైకిల్‌కు వెళ్లేటప్పుడు ఫైలు పెట్టుకునే కవర్లోనే ఆ సీసాలు, పొట్లాలు కూడా పెట్టుకుని వెళ్లి, డాక్టరు అడగకపోయినా బల్ల మీద పెట్టండి.